పచ్చ టిక్కూ, అక్క మాటా

మా అక్క అబద్ధమాడదు. ఇదేదో ఆమె గొప్పతనమని చెప్పడం లేదు, ఆమెకు అది చేతకాదు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టిన రోజున ఇద్దరం కలిసి ఒక కథ అల్లుకుని ఇంటికి వచ్చేవాళ్లం. అమ్మ నోరు తెరవకముందే అక్క మొహంలో అసలు కథ మొత్తం కనిపించేది. దెబ్బలు మాత్రం చెరి సగం. అటువంటి మనిషిని జగిత్యాలలో ఒక ఫోటో స్టూడియోలో, ఇద్దరు పనివాళ్ల ముందు, అబద్ధాలకోరు అన్నారు. ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది నేను పనిచేసే కంపెనీ సాఫ్ట్‌వేర్.

నేను సిరిసిల్లలో మా ఇంట్లో కూర్చుని హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీకి పనిచేస్తాను. మొత్తం ఏడుగురం. పక్క షెడ్డులో మరమగ్గాలు పొద్దున మొదలైతే ఆగవు. మీటింగులో నేను మైకు తెరిచినప్పుడల్లా, అక్కడ వాన పడుతోందా అని కొత్తవాళ్లు అడుగుతారు. మేము చేసేది ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి పెద్ద పెద్ద ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్. మా వైపు దాన్ని ఎక్కువగా వాడేది పెళ్లి ఫోటోలు తీసే స్టూడియోల వాళ్లు. ఫోన్‌లో పంపితే ఫోటో సైజు తగ్గి చిక్కిపోతుంది, ఆల్బమ్‌కు పనికిరాదు. మా సాఫ్ట్‌వేర్ రాకముందు పెన్‌డ్రైవ్‌ను కవర్లో పెట్టి, మీద ఫోన్ నంబర్ రాసి, బస్సు డ్రైవర్ చేతికి ఇచ్చేవాళ్లు. అవతలి బస్టాండులో ఎవరో ఒకరు ఎదురుచూడాలి.

అక్కది కోరుట్ల. ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని పెళ్లి ఆల్బములు డిజైన్ చేస్తుంది. జగిత్యాల స్టూడియో ఓనరు వందల ఫోటోలు పంపితే, ఏది పెద్దగా వేయాలి, ఏది మూలకు పెట్టాలి, ఎవరి పక్కన ఎవరు ఉండాలి అని చూసి షీట్లు తయారుచేస్తుంది. ఈ పనికి చెయ్యి తిరిగితే చాలదు, చుట్టరికాలు తెలియాలి. ఆడపడుచును చిన్న బొమ్మలో ఇరికించి, ఆమె తోడికోడలిని పేజీ నిండా వేస్తే, పదేళ్ల తర్వాత కూడా ఆ మాట వస్తుంది. అక్క ఇవన్నీ ఫోన్‌లో అడిగి కాగితం మీద రాసుకుని మరీ చేస్తుంది. ఆ ఓనరుకు మా సాఫ్ట్‌వేర్ అలవాటు చేసింది నేనే. అక్క కంప్యూటర్‌లో దాన్ని పెట్టి, వచ్చే ఫోటోలన్నీ డి డ్రైవ్‌లో ‘లగ్గాలు’ అనే ఫోల్డర్‌లోకి వచ్చేలా చేసింది కూడా నేనే.

ధర్మపురిలో జరిగిన ఒక పెళ్లి ఆల్బమ్‌తో గొడవ మొదలైంది. ఆ పెళ్లికి రెండు కెమెరాలు. ఓనరు మొదటి కెమెరా ఫోటోలన్నీ ఒకేసారి పంపాడు, అవి బుద్ధిగా ‘లగ్గాలు’లో దిగాయి. మర్నాడు పెళ్లికూతురు మేనమామ బట్టలు పెడుతున్న ఫోటో రెండో కెమెరాలో ఉందని గుర్తొచ్చి, ఆ ఒక్కటి విడిగా పంపాడు. అతని తెర మీద పచ్చ టిక్కు పడింది, పక్కన ‘చేరింది’ అని వచ్చింది. అక్కకు ఫోన్ చేసి చెప్పాడు.

"చెల్లె, మేనమామ బట్టలు వెట్టే ఫోటో పంపిన. షీటు నిండ పెద్దగ వెయ్యి."

అక్క ‘లగ్గాలు’ తెరిచి వెతికింది. అందులో నిజంగానే ఒకాయన వధూవరులకు బట్టలు పెడుతున్నాడు. భుజం మీద కొత్త కండువా, మొహంలో మేనమామకు ఉండవలసినంత దర్పం. ఇంకేం కావాలి? పేజీ నిండా వేసింది, వెనకాల పూలు కూడా పెట్టింది. తీరా ఆయన పెళ్లికూతురు మేనత్త భర్త. అసలు మేనమామ బుగ్గారం నుంచి పనిగట్టుకుని ఆల్బమ్ చూడడానికి వచ్చి, మొదటి షీటు నుంచి చివరి షీటు దాకా తిప్పి, తను ఎక్కడా లేకపోగా తన స్థానంలో ఆ మేనత్త భర్తను చూసి, ఆల్బమ్ మూసి, భోజనానికి చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్లిపోయాడట. మా వైపు మేనమామ అలిగితే ఏమవుతుందో తెలిసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

పెళ్లివాళ్లు స్టూడియో ఓనరు మీద పడ్డారు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు ఆయన అక్క మీద పడ్డాడు. అక్కను జగిత్యాలకు పిలిపించి తన కంప్యూటర్ చూపించాడు.

"ఇగో, టిక్కు అచ్చింది. నేను పంపిన, నీకు చేరింది. చూస్కోకుంట ఎవరిదో వెట్టి, ఇప్పుడు రాలేదని అబద్ధమెందుకాడుతవు?"

"నాకు రాలేదన్నా," అంది అక్క.

"మిషినుకు అబద్ధమాడే పనేముంది?"

అక్కడ పనిచేసే ఇద్దరూ తల ఎత్తి చూశారట. సాయంత్రం నాకు ఫోన్ చేసి ఇదంతా చెప్పింది. ఏడవలేదు. మా అక్క ఏడ్చే రకం కాదు, మాట తగ్గిపోతుంది అంతే. ఇప్పుడు నేనొక సంగతి ఒప్పుకోవాలి. అంతా విన్నాక నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది:

"మంచిగ చూసినవా అక్కా?"

"నువ్వు గూడ గదే అడుగుతవా?" అని పెట్టేసింది.

నాకు నా సాఫ్ట్‌వేర్ మీద ఉన్న నమ్మకం తోడబుట్టిన దాని మీద లేకపోయింది. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. పచ్చ టిక్కు ఎప్పుడు వెలగాలో నాకు తెలుసు. ఫైలు పూర్తిగా అవతలి కంప్యూటర్‌లోకి దిగి, ఒక్క ముక్క కూడా తేడా లేదని సరిచూసుకున్నాకే వెలుగుతుంది. కాబట్టి ఫోటో చేరిన మాట నిజం. అక్క రాలేదంటోంది, అదీ నిజమే అయ్యుండాలి. రెండు నిజాలూ ఒకే కంప్యూటర్‌లో ఎలా ఉంటాయో తెలియక, మర్నాడు సెలవు పెట్టి వేములవాడ మీదుగా కోరుట్ల బస్సెక్కాను.

అక్క తలుపు తీసి, పలకరించకుండా కంప్యూటర్ ముందు కుర్చీ జరిపింది. నేను ఫోల్డర్లు చూడలేదు. కంప్యూటర్ మొత్తంలో ఆ తారీఖున దిగినవన్నీ చూపించమన్నాను. వచ్చింది. డి డ్రైవ్‌లో కాదు, ‘లగ్గాలు’లో కాదు. సి డ్రైవ్‌లో, కంప్యూటర్‌తో పాటే పుట్టే ‘డౌన్‌లోడ్స్’ ఫోల్డర్‌లో, కరెంటు బిల్లుకీ బావ ఆధార్ కార్డు కాపీకీ మధ్య, బుగ్గారం మేనమామ తెల్లచొక్కాలో నిలబడి బట్టలు పెడుతున్నాడు.

అక్క నా భుజం మీద నుంచి వంగి చూసింది.

"ఈడికెట్ల అచ్చిండు గీయన?"

నాకు అప్పటికే అర్థమవుతోంది. మా సాఫ్ట్‌వేర్‌లో ఫైళ్లు దిగడానికి రెండు దారులున్నాయి. గుంపుగా వస్తే ఒకటి, ఒంటరిగా వస్తే ఒకటి. ఒంటరి దారి నేను చేరకముందే ఎవరో రాసి వెళ్లిపోయారు. ‘మీ ఫోల్డర్ మీరే ఎంచుకోండి’ అనే ఏర్పాటు చేసింది నేను, చేరిన కొత్తలో. దాన్ని గుంపు దారికి మాత్రమే తగిలించాను. పరీక్షించినప్పుడల్లా ఇరవై ఫోటోలు కలిపి పంపుకున్నానే తప్ప, ఒక్కటంటే ఒక్కటి పంపి చూడలేదు. పెళ్లి ఫోటోలు ఒక్కొక్కటిగా ఎవరు పంపుతారు? ఎవరూ పంపరు, ఒక్క మేనమామను మరిచిపోయినప్పుడు తప్ప.

అది ఒక తప్పు. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. ఫోల్డర్ ఎంచుకునే చోట కింద ఒక వాక్యం ఉంటుంది: ‘మీకు వచ్చే ఫైళ్లన్నీ ఇక్కడికే వస్తాయి.’ ఆ వాక్యం రాసింది నేను. ఎంత చక్కని తెలుగో అని అప్పట్లో మురిసిపోయాను కూడా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంటి దొంగ నేనే కాబట్టి పట్టుకోవడం తేలికైంది.

"అక్కా, అబద్ధమాడింది నేను," అన్నాను, తెర మీద ఆ వాక్యం చూపిస్తూ.

ఆమె చదివింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"చాయ్ తాగి జగిత్యాల పోదాం పా," అంది.

గంట తిరక్కుండా జగిత్యాలలో గడియారం టవర్ దగ్గర బస్సు దిగి స్టూడియోకి నడిచాం. ఓనరు నన్ను చూసి సంతోషంగానే కూర్చోమన్నాడు, అక్క వైపు చూడలేదు. నేను లాప్‌టాప్ తెరిచి, ఆయన కంప్యూటర్ నుంచి పది ఫోటోలు కలిపి నాకు పంపమన్నాను. పంపాడు. ఎక్కడ దిగాయో చూపించాను. తర్వాత ఒక్కటే పంపమన్నాను. పచ్చ టిక్కు పడింది. నేను ఎంచుకున్న ఫోల్డర్ తెరిచి చూపిస్తే అందులో ఆ ఒక్కటి లేదు. ఆయన మౌస్ తన చేతిలోకి తీసుకుని, తనే పైకీ కిందికీ చూశాడు. మళ్లీ ఒకటి పంపాడు. మళ్లీ లేదు. అప్పుడు డౌన్‌లోడ్స్ తెరిచి రెండింటినీ అక్కడ చూపించాను.

"ఐతే మీ సాఫ్ట్‌వేర్ గలతన్నట్టు," అన్నాడు.

"సాఫ్ట్‌వేర్ దాక ఎందుకన్నా, తప్పు నాది. నేనే రాసిన."

"సరే తియ్. అయిందేదో అయింది. ఆ షీటు మల్ల కొట్టిద్దాం."

అక్కడితో లేచేసేదాన్ని నేనైతే. అక్క కదల్లేదు.

"అన్నా, నన్నన్ననాడు ఈ ఇద్దరు గూడ ఉండిరి. ఇయ్యాల గూడ ఉన్నరు. వాళ్లకు సుత చెప్పు," అంది.

గొంతు పెంచలేదు. పోట్లాటకు వచ్చినట్టు కూడా లేదు, షీటులో రంగు తగ్గిందని చెప్పినట్టు చెప్పింది. ఆ క్షణాన మా అక్కను చూసి నేను పొంగిపోయినంతగా, నా జీతం పెరిగిన రోజున కూడా పొంగలేదు. ఓనరు గొంతు సవరించుకుని, గోడ వైపు చూస్తూ, "చెల్లెది తప్పేం లేదుర, ఫోటో వేరే జాగల వడ్డది," అన్నాడు. పనివాళ్లు తల ఊపారు.

మాట అయితే చెప్పాడు గానీ, అతని మనసులో అనుమానం పోలేదు. ఆ తర్వాత ఏది పంపినా వెంటనే ఫోన్ చేసేవాడు. వచ్చిందా? ఎన్ని వచ్చినయి? జర స్క్రీన్‌షాట్ పంపు. అక్క పనాపి, తెర ఫోటో తీసి పంపేది. అన్నం తినేటప్పుడు కూడా. రోజుకు ఐదారుసార్లు తన మాటకు తనే రుజువు పంపుకోవడం ఎంత చిన్నతనమో ఆమె నాతో ఎప్పుడూ అనలేదు. అనకపోయినా నాకు తెలుసు.

సిరిసిల్ల తిరిగి వచ్చి మా టీముకు పెద్దయిన సార్‌తో మాట్లాడాను. ఆయన మంచివాడు, కానీ నడుస్తున్న బండిని ఆపడమంటే ఆయనకు భయం.

"ఇన్నాళ్లుగా అట్లే ఉంది కదమ్మా. జనానికి అలవాటైపోయింది. ఇప్పుడు మారిస్తే, మా ఫైళ్లు ఎక్కడికి పోయాయని రోజంతా ఫోన్లు వస్తాయి."

"ఇప్పుడు రావట్లేదా సార్?"

"ఒకటీ అరా."

"మిగతావాళ్లు ఫోన్ చెయ్యరు సార్. ఇంట్లో ఎవరినో ఒకర్ని అబద్ధాలకోరు అనుకుని ఊరుకుంటారు."

నాకు కోపమొస్తే గొంతు వణుకుతుంది, అందుకని మీటింగుల్లో సాధారణంగా కోపం తెచ్చుకోను. ఆ రోజు వణికినా ఆపలేదు. అక్క సంగతి మొత్తం చెప్పాను, ఆ వాక్యం రాసింది నేనేనని కూడా చెప్పాను. వెనక మగ్గాలు మోగుతూనే ఉన్నాయి. చివరికి సార్ "రెండు వారాలు తీసుకో," అన్నాడు.

ఆ రెండు వారాలు నేను చేసిన పని చూడడానికి ఏమీ ఉండదు. కొత్త బటన్ లేదు, కొత్త రంగు లేదు. ఫైలు ఎక్కడ దిగాలో నిర్ణయించే చోటు ఒక్కటే ఉండేలా రాశాను. ఒకటి వచ్చినా వెయ్యి వచ్చినా, ఫోన్ నుంచి వచ్చినా కంప్యూటర్ నుంచి వచ్చినా, ముందు అక్కడికే వెళ్లి అడగాలి. ఎంచుకున్న డ్రైవ్ ఆ సమయానికి తగిలించి లేకపోతే, మునుపు చడీచప్పుడు లేకుండా ఇంకో చోట పెట్టేసేది. ఇప్పుడు ఆగి, ఎక్కడ పెట్టమంటారని అడుగుతుంది. ఫైలు వచ్చిన కబురు తెర మీద మెరిసి మాయమవకుండా, ఎక్కడ దిగిందో చెబుతూ, మనిషి నొక్కేదాకా నిలబడుతుంది. పాతవాళ్లు కంగారు పడకుండా, మొదటిసారి తెరిచినప్పుడు ఇకనుంచి ఒంటరి ఫైలు కూడా ఇక్కడికే వస్తుందని ముందే చెబుతుంది. అంతకుముందు దిగిన వాటిని మాత్రం ముట్టుకోలేదు. ఎవరి ఇంట్లో సామాను వాళ్లకు చెప్పకుండా సర్దకూడదు.

పని అయిపోయిందనుకుని, కంపెనీలో విడుదల చేసే ముందు అక్క కంప్యూటర్‌లో పెట్టాను. ఆమె పూటంతా దాంతో కుస్తీ పట్టి ఫోన్ చేసింది.

"గీడ ఒకటి పోతుంది చూడు. మొన్న లగ్గంల పోచమ్మకు బోనం తీసిన ఫోటో ఉండె, ఇప్పుడు దాని జాగల బ్యాండోళ్లున్నరు."

నా కంప్యూటర్‌లో అలాగే చేసి చూశాను. నిజమే. ఒకే పేరుతో రెండో ఫైలు వస్తే, గుంపు దారిలో పక్కన ఒకటి అని అంకె చేర్చి రెండింటినీ ఉంచేది. ఒంటరి దారిలో పాతదాన్ని తుడిచేసి కొత్తది పెట్టేది. రెండు దారులను ఒకటి చేశాననుకున్నాను గానీ, ఈ చివరి మలుపు అలాగే మిగిలింది.

"కానీ ఒకే పేరుతో రెండు ఫోటోలెట్ల అస్తయి అక్కా?"

"రెండు కెమెరాలు ఒక్క కంపెనీయే అయితే నంబర్లు గూడ ఒక్కతీరే పడ్తయి. గింత చదివినవ్, గది తెల్వదా?"

తెలియదు. మా ఏడుగురిలో ఎవరికీ తెలియదు. మా సార్ దగ్గర ఈ సంగతి ఎత్తితే, ఇంత బాగా పరీక్షించింది ఎవరని అడిగాడు. మా అక్క అని చెప్పాను. కోరుట్లలో పెళ్లి ఆల్బములు చేస్తుందని చెప్పాను. ఇంకా కొంచెం చెప్పాలనిపించి, ఒకే రోజు నాలుగు వందల ఫోటోల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పగలదని కూడా చెప్పాను. మేనత్త భర్త సంగతి మాత్రం దాటేశాను. అక్క పట్టిన ఆ తప్పు కూడా సరిదిద్ది, అందరికీ విడుదల చేశాం. ఫోన్లు వస్తాయని సార్ ఆ రోజు తన ఫోన్ చార్జింగులో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక ఫోన్ వచ్చింది. ఒంటరి ఫోటోలు ఇప్పుడు వెతక్కుండానే దొరుకుతున్నాయి, ఏమన్నా మార్చారా అని అడిగారట. ఆ మాటను సార్ నాకు రెండుసార్లు చెప్పాడు.

నాకు గర్వంగా ఉంది. దాచుకోను. ఎవరికీ కనిపించని పనిని ఎవరూ పొగడరు కాబట్టి, నన్ను నేనే పొగుడుకోవలసి వస్తోంది. కానీ అక్కకు ఆ స్క్రీన్‌షాట్ల పీడ వదలనంత కాలం నా పని సగమే అయినట్టు లోపల ముల్లు ఉండేది. సాఫ్ట్‌వేర్‌ను సరిచేయగలిగాను. ఓనరు మనసులో ఏ ఫోల్డర్‌లో ఏముందో నాకెలా తెలుస్తుంది?

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం కోరుట్ల వెళ్లాను. అక్క ఇంకో పెళ్లి ఆల్బమ్ మీద ఉంది. నేను పక్కన కూర్చుని పల్లీలు తింటున్నాను. జగిత్యాల నుంచి ఫోన్ వస్తే, చెయ్యి ఖాళీ లేక స్పీకర్‌లో పెట్టింది.

"చెల్లె, మొత్తం పంపిన. షురూ చెయ్యి ఇగ."

"మైలపోలు తానం ఫోటోలు రాలేదన్నా."

నా చేతిలో పల్లీలు చేతిలోనే ఉన్నాయి. ఇప్పుడంటాడు, టిక్కు ఉంది, చూస్కో అని. నేను గబగబా లేచి, అక్క అడగకముందే తెర ఫోటో తీసి ఇద్దామని మౌస్ వైపు చెయ్యి చాపాను.

"రాలేదా? ఐతే నేనే మరిషిపోయుంట. ఆగు, కార్డుల చూస్త," అన్నాడు ఆయన.

అవతల సొరుగు లాగిన చప్పుడు వినిపించింది. కాసేపటికి, "అగో, రెండో కెమెరా కార్డు కాపీనే చెయ్యలే. నా పొరపాటే చెల్లె, పంపుతున్న," అని పెట్టేశాడు. అక్క అప్పటికే ఇంకో షీటు తెరిచి పెళ్లికూతురి పిన్నిని ముందు వరుసలోకి జరుపుతోంది.

"అక్కా, గాయన స్క్రీన్‌షాట్ అడగలేదేంది?" అన్నాను.

"అడుగుడు బంద్ చేసి నెల దాటింది," అంది తెర మీంచి కళ్లు తీయకుండా. "నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. నెల కిందటే గెలిచి, చెల్లెలికి కబురైనా పెట్టలేదు మా అక్క.